లేని జబ్బుకు ప్రార్థన

రవిశంకర్‌గారి మేడమీద ఆదివారం సాయంత్రాలు చదువుకి కూర్చునేది నలుగురు. వాళ్ళలో ముగ్గురి తాతలకి కాకుమాను చుట్టుపక్కల మాగాణి ఉండేది. నాలుగో మనిషి కరుణశ్రీ. వాళ్ళ తాత ఆ మాగాణిని దున్నాడు. ఈ సంగతి నలుగురికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. అనకపోవడమే మర్యాదని అక్కడ ఒక ఒప్పందం లాంటిది నడుస్తూ ఉండేది.

బాపట్లలో అలాంటి మేడగది దొరకడం అదృష్టమే. మూడు వైపులా కిటికీలు, గోడ నిండా పుస్తకాలు, సాయంత్రమయ్యేసరికి కింద వంటింట్లోంచి పైకొచ్చే పునుగుల వాసన. రవిశంకర్‌గారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఏం మాట్లాడబోయినా ముందు కాసేపు కళ్ళు మూసుకుంటారు. హనుమయ్యగారు బ్యాంకు మేనేజరుగా చేసి దిగిపోయారు. తేజస్వి ఇంజనీరింగు కాలేజీలో ఇంగ్లీషు చెప్తుంది, లేడీస్ హాస్టల్లో ఉంటుంది, ఇంకా పెళ్ళి కాని పిల్ల. జాతి వివక్ష గురించి అందరం కలిసి చదువుదామన్నది ఆ పిల్లే. ఎక్కడెక్కడి వ్యాసాలో జిరాక్సులు తీయించి తెచ్చేది. ‘ఎవరి అనుభవం వాళ్ళే చెప్పాలి, ఒకరు చెప్పేటప్పుడు ఇంకొకరు అడ్డుపడకూడదు’ అని అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి గోడకి అంటించింది కూడా.

కరుణశ్రీ హైస్కూల్లో సోషల్ టీచరు. స్టాఫ్‌రూములో డీఏ, బంగారం రేటు, ఎవరి పిల్లకి ఏ ర్యాంకు తప్ప ఇంకో మాట వినపడదు. అలాంటి మనిషిని పిలిచి కూర్చోబెట్టి, “మేడమ్ ఏమంటారో విందాం” అంటుంటే ఎవరికి చేదు? అందుకని వారం మొదలైందంటే ఆదివారం కోసం చూసేది. అమెరికాలో నల్లవాళ్ళని బస్సుల్లో వెనక సీట్లకి తరిమిన సంగతి చదివిన రోజు హనుమయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మనిషన్నవాడు చేసే పనేనా అండీ అది!” అన్నారు.

ఆ ఊపులో కరుణశ్రీ తన చిన్నప్పటి సంగతొకటి ఎత్తింది. బడి నుంచి వస్తూ ఓ రైతు ఇంటి ముందు నీళ్ళడిగితే, ఆ ఇల్లాలు చెంబు అందుకోనివ్వకుండా పైనుంచి దోసిట్లోకి పోసిందట. చెప్తూ చెప్తూ ఉండగానే హనుమయ్యగారు చెయ్యెత్తారు.

“అది వేరండి మేడమ్. అది కులం, ఇది జాతి. రెండూ కలిపేశామనుకోండి, మన చదువు పల్చబడుద్ది.”

రవిశంకర్‌గారు కళ్ళు మూసుకుని తలూపారు. తేజస్వి గోడమీది అట్టముక్క వైపు చూసింది గానీ నోరు మెదపలేదు. కరుణశ్రీ ఆ తర్వాత మళ్ళీ చెంబు సంగతి ఎత్తలేదు. కాఫీ మాత్రం అందరికీ ఒకే రకం గ్లాసుల్లో వచ్చేది. అది గమనించి సంతోషించిన మనిషి ఆ గదిలో తనొక్కతేనని కూడా ఆమెకి తెలుసు.

“ఎంతసేపూ కాగితాలేనా సార్? ఒక నిజం మనిషిని పిలిస్తే బాగుంటుంది కదా,” అని తేజస్వి అనడంతో ఎలియా వచ్చాడు. తమ చర్చి నుంచి తీసుకొచ్చింది కరుణశ్రీయే. ఎలియాది టాంజానియా. కొండవాలు మీద కాఫీ తోటలున్న ఊరు. ఫార్మసీ చదవడానికొచ్చాడు. వాళ్ళ దేశంలో కూడా లూథరన్ చర్చిలున్నాయని, వాళ్ళ తాత పాదిరిగారని చెప్పేవరకూ బాపట్ల లూథరన్ సంఘంలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఇప్పుడు క్వయిరులో అతని గొంతు లేకపోతే పాట బోసిగా ఉంటుంది. తెలుగు నేర్చుకున్నాడు గానీ, మర్యాద ఎక్కడ ఆపాలో ఎవరూ నేర్పలేదు. ప్రతి మాటకీ చివర ఒక ‘అండి’ తగిలిస్తాడు.

ఆ ఆదివారం మేడమీద కుర్చీ అంచున కూర్చుని చెప్పుకొచ్చాడు.

“వీధిలో పిల్లలు నల్లోడా అంటారండి. పర్లేదండి, పిల్లలండి. పెద్దవాళ్ళు ఫొటో తీస్తారండి, అడగరండి. ఇప్పుడు ఓనరుగారు ఖాళీ చెయ్యమన్నారండి. మా వంట వాసనంటండి. ఉడకబెట్టిన మొక్కజొన్న పిండండి అది. దానికి వాసన ఎక్కడుందండి?”

అందరూ నవ్వబోయి ఆగారు. రవిశంకర్‌గారు కళ్ళు తెరిచారు. “ఇది ఘోరం,” అన్నారు. “మనం చదువుతున్నదంతా మన ఊళ్ళోనే జరుగుతోందన్నమాట. సిగ్గుపడాలి.”

“సిగ్గుపడాలి,” అన్నారు హనుమయ్యగారు.

“సిగ్గుపడటం సరే, అబ్బాయికి గది చూడాలిగా సార్,” అంది తేజస్వి. “హాస్టలు నిండిపోయిందంట. నెలాఖరు లోపల దొరక్కపోతే ఎక్కడికెళ్తాడు?”

మేడ కింద రవిశంకర్‌గారిది వెనక పోర్షన్ ఒకటి ఉంది. అందులో ఉండే ఎల్‌ఐసీ ఆయన వెళ్ళిపోయి చాలారోజులైంది. పైకి వచ్చేటప్పుడు ఆ తలుపు తాళం పక్కనుంచే అందరూ మెట్లెక్కాలి. ఆయన ఎవరూ అడక్కుండానే, “మా వెనక పోర్షన్ మనవరాలు చదువుకోవడానికని ఉంచామండి,” అన్నారు. మనవరాలు మూడో తరగతి.

“మా అపార్ట్‌మెంటులో అసోసియేషన్ వాళ్ళు బ్యాచిలర్లని ఒప్పుకోరు,” అన్నారు హనుమయ్యగారు. “నేనొక్కణ్ణయితే రేపే రమ్మందును. నలుగురితో పని.”

తేజస్వి హాస్టలు మనిషి, ఆ పిల్లకి ఇవ్వడానికి గదే లేదు. అప్పుడు ముగ్గురి చూపులూ మెల్లగా వచ్చి కరుణశ్రీ మీద వాలాయి. రవిశంకర్‌గారి మొహం విప్పారింది.

“అన్నట్టు మేడమ్, మీ పై పోర్షన్ ఖాళీయే కదూ? ఇంకేం మరి! మీకైతే ఏ ఇబ్బందీ ఉండదు. ఒకే చర్చి, ఒకే ప్రార్థన. ఒకరకంగా చూస్తే మీరూ మీరూ ఒకటేనాయె.”

ఆ ‘మీరూ మీరూ’ అన్నమాట కరుణశ్రీ చెవిలో సీసంలా దిగింది. ఇన్ని ఆదివారాలు ‘మనం’ అంటూ వచ్చిన నోరది. గది అవసరం పడేసరికి గదిలో గీత పడింది. గీతకి అవతల ఎలియా, పక్కన తను. ఎలియా మాత్రం ఆశగా ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

ఆమెకి ముందు తన కాలనీ గుర్తొచ్చింది.

ఆ ఇంటికి చేరడం వెనక పెద్ద కథే ఉంది. కొత్తగా ఉద్యోగమొచ్చి తెనాలిలో చేరినప్పుడు, కరుణశ్రీ, ఆమె భర్త దీపక్ అద్దిల్లు కోసం తిరిగిన తిరుగుడు ఇప్పటికీ కలలోకొస్తుంది. గదులన్నీ చూపించేవాళ్ళు, కుళాయి తిప్పి నీళ్ళు చూపించేవాళ్ళు, “చల్లటి గాలమ్మా” అనేవాళ్ళు. తర్వాత ఊరు, ఆ తర్వాత తండ్రి పేరు, చివరికి ఏ గుడికెళ్తారన్న ప్రశ్న. అక్కడితో గాలి ఆగిపోయేది. మా చెల్లెలు పిల్లల్ని చదివించడానికి వస్తానంటోందమ్మా అనేది ఒకావిడ. ఇంకో ఆయన తన మామగారికి పక్షవాతమని చెప్పాడు. తెనాలిలో అన్ని కుటుంబాలకి ఒక్కసారిగా అంత అవసరం ఎలా ముంచుకొచ్చిందోనని దీపక్ నవ్వేవాడు. ఆమెకి నవ్వొచ్చేది కాదు.

బాపట్లకి బదిలీ అయ్యాక లోను పెట్టి ఉద్యోగస్తుల కాలనీలో మేడిల్లు కొనుక్కున్నారు. దిగిన రోజునే పక్కింటి మాణిక్యాంబగారు గోడమీదుగా పలకరించింది. ఏ ఊరని అడిగితే కాకుమాను దగ్గరని చెప్పింది కరుణశ్రీ. “ఓహో, మా ఆడపడుచునిచ్చింది అటే. మనోళ్ళలోనూ ఈమధ్య చర్చికెళ్ళేవాళ్ళు బయల్దేరార్లే,” అందావిడ, తనకి తానే లెక్క సరిపెట్టుకుని. కరుణశ్రీ అవుననలేదు, కాదనలేదు. నవ్వింది. ఇన్నేళ్ళుగా ఆ కాలనీలో వాళ్ళ కాపురం ఆ నవ్వు మీదే నిలబడి ఉంది. పేరంటాలకి పిలుపొస్తుంది, ఆవకాయ జాడీ వస్తుంది, కూతుళ్ళ పెళ్ళి సంబంధాల గురించి ఆవిడ గోడ దగ్గర గుసగుసలు చెప్తుంది. ఇప్పుడు పై పోర్షన్‌లో ఎలియా దిగితే? ‘ఆ కుర్రాడికెందుకు ఇచ్చారూ’ అని మొదలవుద్ది. ‘ఇంతకీ ఈ ఇంటివాళ్ళెవరూ’ అన్నదాకా పోతుంది.

“అయ్యో, ఇద్దును సార్,” అంది కరుణశ్రీ. “మా వదినొస్తోందండి. మా ఆయన అక్కయ్య, రేపల్లెలో ఉంటుంది. ఆమెకి కిడ్నీ జబ్బు చేసింది. ఇక్కడుండి వైద్యం చేయించుకోవాలి. పై పోర్షన్ ఆమె కోసమే…”

అబద్ధమాడేవాళ్ళు నిజం పేరొకటి ఊతం తెచ్చుకుంటారు. “సామ్రాజ్యం వదిన,” అని కూడా చేర్చింది.

ఎలియా మొహంలో ఆశ పోయి జాలి వచ్చింది. “చాలా బాధండి అక్కగారండి. కిడ్నీ చాలా కష్టమండి. నేను ప్రార్థన చేస్తానండి.”

మిగతా ముగ్గురిలో ఇద్దరి మొహాలు ఎంత తేటపడ్డాయంటే, కరుణశ్రీ అంత కంగారులోనూ అది చూసింది. హనుమయ్యగారు కుర్చీలో వెనక్కి వాలారు. రవిశంకర్‌గారు చేతులు చాచి, “పాపం మేడమ్‌కే కుదరనప్పుడు ఇంక మనమేం చేస్తాం చెప్పండి?” అన్నారు. అప్పుడు తెలిసిందామెకి, వాళ్ళు తన గది కోసం అడగలేదని. తన ‘కాదు’ కోసం అడిగారు. అది చేతికి రాగానే గదిలో అందరి తప్పూ మాఫీ అయిపోయింది. పునుగులొచ్చాయి. ఎలియాకి రెండోసారి వడ్డించమని రవిశంకర్‌గారు పట్టుబట్టి చెప్పారు.

ఇంటికెళ్ళి దీపక్‌తో చెప్పింది. “మా అక్కకెందుకే ఆ రోగం, నీ అన్నకి పెట్టకపోయావా,” అన్నాడతను. అంతకంటే ఏమీ అనలేదు. అతనికీ ఆ కాలనీలో పొద్దున్నే వాకింగు చేసే స్నేహితులున్నారు.

మరుసటి ఆదివారం చర్చిలో కోతల పండుగ. సంఘస్తులు తమ పంటలో, పెరట్లో మొదట చేతికొచ్చింది దేవుడికి తెచ్చి పెడతారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం పాడతారు. బలిపీఠం ముందు వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, నిజాంపట్నం నుంచి ఎవరో తెచ్చిన ఎండు చేపల బుట్ట. కాళ్ళు కట్టేసిన కోళ్ళు పాదిరిగారి ప్రసంగానికి మధ్యమధ్య జవాబు చెప్తున్నాయి. ఆ కోళ్ళలో ఒకటి సామ్రాజ్యం తెచ్చింది. సామ్రాజ్యం రేపల్లెలో అంగన్‌వాడీ ఆయా, మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. తమ్ముడి సంఘంలో కోతల పండుగంటే ప్రతి ఏడూ వస్తుంది. ఆ పొద్దున బస్సు దిగి తిన్నగా చర్చికొచ్చి, కోడిని పాదిరిగారి చేతికే ఇచ్చి, ఆడవాళ్ళ వైపు ముందు చాపమీద కూర్చుంది. కరుణశ్రీ నాలుగు వరసల వెనక కూర్చుని, వదిన పెద్ద సిగవైపు చూస్తూ, ఎలియా క్వయిరులోనే ఉండిపోతే బాగుండునని అనుకుంటోంది. సామ్రాజ్యం మొహం అతనికి తెలియదు. పేరొక్కటే తెలుసు.

“ప్రార్థన మనవులుంటే చెప్పండి,” అన్నారు పాదిరిగారు.

ఒకాయన కొడుకు ఉద్యోగం గురించి చెప్పాడు. ఒకావిడ మోకాళ్ళ గురించి చెప్పింది. తర్వాత ఎలియా లేచాడు. మనవి కోసం ఆ నల్లబ్బాయి లేవడం అదే మొదటిసారి. పాట పుస్తకాలు తిరగేసేవాళ్ళు కూడా ఆగిపోయారు.

“నా కోసం కాదండి,” అన్నాడు. రాత్రంతా వల్లె వేసుకున్నట్టు ఒక్కొక్క మాటే పేర్చాడు. “మా కరుణశ్రీ అక్కగారి వదినగారండి. సామ్రాజ్యంగారండి. రేపల్లె అండి. కిడ్నీలు చెడిపోయాయండి. చాలా సీరియస్ అండి. దేవుడు ఆమెని బాగుచెయ్యాలండి.”

పాదిరిగారు ముందు వరసలోని సామ్రాజ్యాన్ని చూశారు, తన చేతికి ఇంకా అంటుకుని ఉన్న కోడి ఈకని చూశారు, ఏం చెయ్యాలో తోచక కళ్ళు మూసుకోబోయారు. ఈలోగా సామ్రాజ్యం లేచి నిలబడింది. నిలబడితే గుమ్మం నిండే మనిషి.

“అయ్యగారూ, ఆ సామ్రాజ్యాన్ని నేనేనండీ. నా కిడ్నీలకేం, నిక్షేపంలా ఉన్నాయి. ఎవరో ఈ బాబుకి తప్పు చెప్పినట్టున్నారు.”

చర్చంతా ఒక్కసారి గొల్లుమంది. ఎలియా కూడా నవ్వాడు. తెల్లబోయి కాదు, నిజంగా సంతోషించి, చేతులు పైకెత్తి, “దేవుడు ముందే బాగుచేశారండి!” అన్నాడు. అంటూ, ఆ సంతోషం పంచుకోవడానికి కరుణశ్రీ ఎక్కడుందా అని వెతికాడు. కనపడింది. ఆమె తల వంచుకుని పైట చెంగు వేలికి చుట్టుకుంటోంది. అతను అలాగే కాసేపు చూశాడు. చేతులు మెల్లగా కిందికి దిగాయి. తర్వాత కూర్చున్నాడు.

ఆవరణలో వేలం మొదలైంది. సామ్రాజ్యం కోడి పాట ఎక్కడిదాకా పోయిందో కూడా చూసుకోకుండా కరుణశ్రీని వేపచెట్టు కిందికి లాక్కెళ్ళింది.

“చెప్పు. నా కిడ్నీలతో నీకేం పని పడింది?”

కరుణశ్రీ చెప్పింది. దాచకుండా చెప్పింది. మేడమీది చదువు, గది, మీరూ మీరూ అన్న మాట, మాణిక్యాంబగారు. సామ్రాజ్యం నడుం మీద చేతులు పెట్టుకుని అంతా వింది.

“మీ ఇల్లు మీ ఇష్టం, ఇస్తే ఇస్తావు లేకపోతే లేదు. నాకెందుగ్గానీ,” అంది. “ఆ సారుది వెనక పోర్షన్ కూడా ఖాళీయేనన్నావుగా? ఆయన వదినకేం రోగమంట?”

“ఆయన్ని ఎవరూ అడగలేదు వదినా.”

“మరి నిన్నెందుకడిగారో తెలిసీ నువ్వు నన్ను మంచం ఎక్కించావు. వాళ్ళ నోట్లో గడ్డి పెట్టాల్సింది పోయి ఆ పిల్లాడి నోట్లో పెట్టావు. చదువుకున్నదానివి, నీకు చెప్పేదాన్నా నేను.” ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది కరుణశ్రీకి.

ఎలియా అటే వస్తున్నాడు. చేతిలో చెప్పులు, భుజం మీద సంచి. ముందు సామ్రాజ్యానికి వంగి నమస్కారం పెట్టాడు. “మీరు బాగున్నందుకు సంతోషమండి అమ్మగారండి,” అన్నాడు. తర్వాత కరుణశ్రీ వైపు తిరిగాడు.

“సారీ అండి. చర్చిలో అందరి ముందు చెప్పకుండా ఉండాల్సిందండి.”

తిట్టి ఉంటే తట్టుకునేది. క్షమాపణ వినలేకపోయింది. “ఎలియా, పై పోర్షన్ ఖాళీగానే ఉంది,” అంది గబగబా. “రేపే వచ్చెయ్యి. నేను ఆ రోజు…”

“ఇప్పుడు తెలిసిందండి,” అన్నాడు అతను. “వద్దండి. గుంటూరులో మా దేశం వాళ్ళున్నారండి. ఒక గదిలో చాలామందండి. అయినా పర్లేదండి. రోజూ రైలులో వస్తానండి.”

అతను గేటు దాటి వెళ్ళేదాకా ఇద్దరాడవాళ్ళూ అక్కడే నిలబడ్డారు. ఆ తర్వాత క్వయిరులో ఎలియా గొంతు వినపడలేదు. గుంటూరులో కూడా లూథరన్ చర్చి ఉంది, అక్కడ పాడుతున్నాడని ఎవరో అన్నారు.

సంగతి మేడమీదికి వెళ్ళడానికి ఎంతో కాలం పట్టలేదు. తేజస్వి మళ్ళీ రమ్మని ఎలియాకి ఫోను చేస్తే, తను రానన్నాడట. ఎందుకని గుచ్చిగుచ్చి అడిగితే జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి పెట్టేశాడట. ఆ ఆదివారం కరుణశ్రీ మెట్లెక్కి వెళ్ళేసరికి ముగ్గురూ ముందే వచ్చి కూర్చున్నారు. కొత్త జిరాక్సులు బల్లమీదున్నాయి. రవిశంకర్‌గారు కళ్ళు మూసుకుని తెరిచారు.

“మేడమ్, ఏమీ అనుకోకండి. జరిగింది తెలిసింది. మేమెవ్వరం మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. నిజానికిది మన చదువుకి మంచి మలుపు. అణగారినవాళ్ళు తమకంటే కిందివాళ్ళని ఎలా చూస్తారు? బాధపడ్డవాళ్ళలోనే వివక్ష ఎలా పుడుతుంది? ఇవాళ్టి అంశం అదే. మీరు మీ అనుభవం చెప్తే…”

“చాలా ధైర్యం కావాలి దానికి,” అన్నారు హనుమయ్యగారు, కళ్ళజోడు తీసి తుడుచుకోవడానికి సిద్ధంగా. “మాకూ నేర్చుకోవడానికి ఉంటుంది.”

కరుణశ్రీ గోడమీది అట్టముక్క చదివింది. ఇవాళ ఎవరూ అడ్డుపడరని ఆమెకి తెలుసు. చెంబు సంగతికి అడ్డుపడినవాళ్ళు దీనికి చెవులు రిక్కించి కూర్చున్నారు. తను దెబ్బ తిన్న కథ వాళ్ళకి అక్కర్లేదు, తను కొట్టిన కథ కావాలి.

“చెప్తానండి,” అంది. “నేను అబద్ధమాడాను. ఎందుకంటే భయం. మా కాలనీలో మేమెవరో తెలిసిపోతుందని భయం. నాది తప్పే, దాన్ని ఎవరి మీదా నెట్టను. నాదైపోయిందండి. ఇక వరసలో మీదే సార్. మీ వెనక పోర్షన్ ఎందుకివ్వలేదో మీరు చెప్పండి. తర్వాత హనుమయ్యగారు.”

“మాది వేరే విషయం కదండీ,” అన్నారు రవిశంకర్‌గారు వెంటనే. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

“వ్యక్తిగతాల్లోకి పోతే చదువు దెబ్బతింటుందండి,” అన్నారు హనుమయ్యగారు.

“సార్, నియమం అందరికీ…” అంటూ తేజస్వి ఏదో అనబోయింది. రవిశంకర్‌గారు ఆ పిల్ల వైపు చూశారు. ఆ చూపు చాలు, మాట సగంలోనే మింగేసింది. తర్వాత ఆ పిల్ల జిరాక్సులు అటూ ఇటూ సర్దుతూ కూర్చుంది.

కరుణశ్రీ సంచి తీసుకుని లేచింది. మెట్ల మీద రవిశంకర్‌గారి భార్య పళ్ళెంతో ఎదురొచ్చింది. “అదేంటమ్మా, వెళ్ళిపోతున్నావా? వేడివేడిగా తెస్తుంటే!” అంది పాపం, నిజంగానే నొచ్చుకుని. “మీ మనవరాలికి పెట్టండి, వెనక పోర్షన్‌లో చదువుకుంటుందంటగా,” అంది కరుణశ్రీ. ఆవిడకి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

ఇదంతా కాలనీదాకా రాలేదు. ఒక్క ముక్క మాత్రం వచ్చింది, అదీ వేరే రూపంలో. మాణిక్యాంబగారు ఓ సాయంత్రం గోడ దగ్గర పిలిచింది.

“అమ్మాయ్, ఎవరో నల్ల కుర్రాణ్ణి మీ పైన పెట్టమంటే కాదన్నావంటగా? మా వారితో వాకింగులో మీ ఆయనే అన్నాడంట. మంచి పని చేశావు తల్లీ. ఆడపిల్లలున్న వీధి. నువ్వు మా లాంటిదానివేనని నాకు మొదట్నుంచీ తెలుసు.”

ఇన్నేళ్ళు ఏ మాట కోసం నోరు కట్టుకుని బతికిందో ఆ మాట వచ్చింది. ఎలియాని గుంటూరు పంపిస్తే వచ్చింది.

“అద్దెకి నేను చూస్తాలే మంచివాళ్ళని,” అంది మాణిక్యాంబగారు. అన్నట్టే ఆ వారంలోనే తమ చుట్టాలమ్మాయిని, ఆ అమ్మాయి మొగుణ్ణి వెంటబెట్టుకుని, మోకాళ్ళ నొప్పికి మూలుగుతూ మెట్లెక్కి వచ్చింది. కరెంటాఫీసులో ఉద్యోగమట. ఇద్దరూ గదులు తిరిగి చూశారు. ఫ్యాను వేసి చూశారు. వంటింటి అరలు బాగున్నాయంది ఆ అమ్మాయి. నచ్చింది. అడ్వాన్సు ఫోనులో వేసేస్తానని మొగుడు ఫోను బయటికి తీశాడు కూడా. అప్పుడు ఆ అమ్మాయి ఎంతో మామూలుగా, కుళాయిలో నీళ్ళు ఏ టైముకొస్తాయని అడిగిన గొంతుతోనే అడిగింది.

“మీరేవిట్లండీ?”

“మనోళ్ళేనే, అడగాలా!” అంది మాణిక్యాంబగారు.

కరుణశ్రీ నవ్వాల్సిన చోటది. ఎన్నోసార్లు నవ్విన నవ్వే. పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు.

“కాదండి. పిన్నిగారు పొరబడ్డారు. మేం మాలవాళ్ళం.”

ఆ మొగుడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. “దానికేముందండీ, ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తున్నారు,” అంటూనే ఇద్దరూ మెట్ల వైపు నడిచారు. వాళ్ళ బండి స్టార్టయిన చప్పుడయ్యేదాకా మాణిక్యాంబగారు కదలలేదు.

“ఇన్నేళ్ళూ చెప్పలేదేంటి?” అంది. ఆ గొంతులో కోపం కంటే మోసపోయిన బాధే ఎక్కువగా ఉంది.

“మీరు అడగలేదుగా పిన్నిగారూ.”

“అడగాల్సిన మొహమైతే అడగమా? తెల్లగా, శుభ్రంగా… చూస్తే అలా అనిపిస్తేగా!” ఆవిడ తన మాట తనే వినుకుని ఆగింది. సర్దుకోబోయింది. సర్దుకోవడానికి ఏమీ దొరక్క చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, మోకాళ్ళ నొప్పి సంగతే మర్చిపోయి, దడదడా మెట్లు దిగింది.

ఆ నిజం చెప్పినందువల్ల ఎలియాకి ఒరిగిందేం లేదు. ఆ సాయంత్రం కూడా అతను గుంటూరు రైల్లో నిలబడే వెళ్ళి ఉంటాడు. చెప్పాల్సిన ఆదివారం నోరు పెగల్లేదు. ఎవరికీ అక్కరకి రాని రోజున పెగిలింది. ధైర్యమని దీనికి పేరు పెట్టుకోవడానికి కరుణశ్రీకి మనసొప్పలేదు.

కిటికీలు మూయడానికి వెళ్ళింది. వీధివైపు రెక్క మీద చెయ్యి వేసేసరికి కింద మాణిక్యాంబగారు అప్పటికే ఎదురింటి గేటు దగ్గరుంది. చెయ్యి ఊపుతూ ఏదో చెప్తోంది. ఎదురింటావిడ నోటిమీద చెయ్యి పెట్టుకుని తలెత్తి మేడవైపు చూసింది. చూసి, కరుణశ్రీ కనపడగానే తల దించేసుకుంది. కరుణశ్రీ రెక్క మూయలేదు. వాళ్ళకి కనపడేట్టు అక్కడే నిలబడింది.

కిందనుంచి దీపక్ కేకేశాడు. “ఏమైందే? కుదిరారా?”

“లేదు,” అంది. “ఇంక ఈ వీధిలో ఎవరూ కుదరరు. పైకి రా, చెప్తాను.”